యాట దొరకని ఆదివారం

మొన్న మిర్యాలగూడలో ఒక పెళ్ళికి వెళ్ళాను. పెళ్ళికొడుకు ఇంటర్లో నా దగ్గర తెలుగు చదువుకున్నవాడు. ఫంక్షన్ హాల్లో భోజనాల దగ్గర ఒక బల్ల చుట్టూ కుర్రాళ్ళు గుమిగూడి నవ్వుతున్నారు. మధ్యలో నిలబడి కథ చెబుతున్నది మా అన్న కొడుకు.

“యాట కోసిన్రు. బగారన్నం వండిన్రు. ఊళ్ళె పెద్దమనుషులు తెల్ల బట్టలేస్కొని వచ్చి కూసున్నరు. దావత్ ఎవరికి? ఆయనకే. మరి ఆయనేడి? సూర్యాపేటల రూముల తలుపేస్కొని పండుకున్నడు! మన తిండంటే నామోషీ అంట. తెలుగంత నేర్సిండు గని, పిలిస్తే రావాలె, పెడ్తే తినాలె అనేది మాత్రం నేర్వలే.”

అందరూ మళ్ళీ నవ్వారు. వాడు నన్ను చూశాడు.

“చిన్నాయనా, నువ్ చెప్పు. అబద్ధమా? మీ ఇంట్లనే గద కిరాయికున్నడు?”

నా నోట్లో ముద్ద ఉంది. తల ఊపాను. అది అవునన్నట్టో కాదన్నట్టో వాడే తేల్చుకున్నాడు.

ఈ కథ కొన్నేళ్ళుగా తిరుగుతోంది. సూర్యాపేటలో మా వీధిలో విన్నాను. నేను పాఠాలు చెప్పే కోదాడ కాలేజీ స్టాఫ్‌రూములో విన్నాను. అనంతగిరి పక్కన మా సొంతూళ్ళో అయితే చెప్పక్కర్లేదు. చెప్పినప్పుడల్లా ఆ యాటపోతు కొంచెం పెద్దదవుతుంది, అతను కొంచెం చిన్నవాడవుతాడు. కథలో అతనికి పేరు లేదు. “తెల్లోడు”, అంతే. నేనూ పేరు రాయడం లేదు. రాస్తానని అతన్ని అడగలేదు. పైగా మా వీధిలో ఎవరమూ ఆ పేరును ఒక్కసారైనా సరిగ్గా పలకలేదు. మా అమ్మ “కొడుకా” అనేది. మూలమీద పంచర్లు వేసే మల్లయ్య “ఇంగ్లీషు సారు” అనేవాడు. తనది హంగేరీ అనీ, ఇంగ్లీషు తనకూ పరాయి భాషేననీ చెప్పి చెప్పి, చివరికి ఆ పిలుపుకే పలకడం మొదలుపెట్టాడు.

అతను మొదటిసారి మా గేటు ముందు నిలబడ్డ రోజు నాకు బాగా గుర్తుంది. హైదరాబాదులో కొన్నాళ్ళు తెలుగు పాఠాలు చెప్పించుకొని, పాఠాల్లో లేని తెలుగు వినాలని ఇటు వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, మెడ కొంచెం ముందుకు వంచి నడిచేవాడు. మా తలుపులన్నీ తనకంటే పొట్టివని ముందే తెలిసినట్టు ఉండేది ఆ నడక. అమ్మ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. అతను చేతులు జోడించి, దారిపొడుగునా వల్లెవేసుకుంటూ వచ్చిన వాక్యాన్ని జాగ్రత్తగా అప్పజెప్పాడు.

“అమ్మా, మనం పైన ఉండవచ్చా?”

అమ్మ చేతిలో కాయ పక్కన పెట్టి అతన్ని కిందినుంచి పైదాకా చూసింది.

“నువ్వుండు కొడుకా. నాకు మెట్లెక్కరాదు.”

అట్లా పైగది అతనిదైంది.

ఆ సాయంత్రమే నేను మొదటి పాఠం చెప్పాను. తెలుగు లెక్చరర్ని, ఊరుకోలేను కదా. “వినేవాణ్ణి కలుపుకుంటే మనం. కలుపుకోకపోతే మేము. ఇంతే తేడా” అన్నాను. 

“మా భాషలో రెండింటికీ ఒకటే మాట” అన్నాడు. అప్పటికి ఇంకా పుస్తకం తెలుగే మాట్లాడేవాడు.

“మరి కలుపుకున్నారో లేదో ఎట్లా తెలుస్తుంది?”

“తెలియదు. అడగాలి.”

ఆ జవాబుకు నేను నవ్వాను. ఎంత పేద భాష అనుకున్నాను.

ఆ తర్వాత అతనికి ‘మనం’ అంటే భయం పట్టుకుంది. పిలవని పేరంటానికి వెళ్ళినట్టవుతుందేమోనని అందరి దగ్గరా ‘మేము’ అనేవాడు. మల్లయ్య దుకాణం ముందు నిలబడి, “మేము చాయ్ తాగుదామా?” అని అడిగితే, మల్లయ్య లేచి అతని వీపు వెనక్కి తొంగిచూశాడు. “ఎవరెవరు సారూ? నీ ఎన్క ఎవరు గనవడ్తలేరు. నువ్వొక్కనివే తాగుతవా, నాకు సుత పోయిస్తవా?” ఆ రోజు వీధంతా నవ్వింది. అతనూ నవ్వాడు. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు, పళ్ళు కనిపించడం అమర్యాద అని ఎవరో నేర్పినట్టు.

అతనికి ఇంకో అలవాటుండేది. ఎవరైనా మాట్లాడుతుంటే వాళ్ళ వాక్యంలో చివరి మాటను పెదవుల కిందే ఒకసారి అనుకునేవాడు. “రేపు కరెంటు ఉండదంట” అని నేనంటే “ఉండదంట” అని అతని పెదవులు కదిలేవి. మొదట్లో వెక్కిరిస్తున్నాడేమో అనిపించేది. తర్వాత తెలిసింది, అతను మాటను జేబులో వేసుకుంటున్నాడని. “తిన్నవా?” అని ఎవరైనా పలకరిస్తే, ఆగి, ఏం తిన్నాడో, ఎక్కడ తిన్నాడో, ఉప్పు సరిపోయిందో లేదో అన్నీ చెప్పేవాడు. అది ఒట్టి పలకరింపే, అన్ని వివరాలు అక్కర్లేదని నేను చెబితే ఒప్పుకోలేదు. “అమ్మ నిజంగనే అడుగుతది” అన్నాడు. అది నిజమే.

వారంలో రెండు మూడుసార్లు నాతోపాటు కోదాడ బస్సెక్కేవాడు. నేను కాలేజీకి పోయేవాణ్ణి. అతనికి కోదాడలో పనేమీ లేదు. దిగి, ఒక చాయ్ తాగి, వచ్చే బస్సులో వెనక్కి. బస్సులో కూర్చుని జనం మాటలు వినడమే పని. సూర్యాపేటలో ‘ఉంటది’ అనే మాట కోదాడ చేరేసరికి ‘ఉంటుంది’ అవుతోందనీ, ఆ మారే చోటు రోడ్డు మీద ఎక్కడో కనిపెట్టాలనీ అతని పట్టుదల. కండక్టరుకు ఇది పెద్ద వినోదం.

“ఏం సారూ, ఇయ్యాల ఉంటది ఎందాక వచ్చింది?”

“మునగాల దాటింది.”

“అయితే టికెట్ తీస్కోమను దాన్ని!”

అతను సీటులో సర్దుకుని, నిజంగానే పక్కన కొంచెం చోటు వదిలి కూర్చునేవాడు. బస్సు బస్సంతా నవ్వేది.

కానీ సాయంత్రాలు వేరుగా ఉండేవి. మా ఇంటి ముందు ఒక వీధికుక్క పడుకునేది. అతను మెట్ల మీద కూర్చుని దానితో తన భాషలో మాట్లాడేవాడు. మెల్లగా, ఆగి ఆగి, అవతలివాళ్ళు జవాబిచ్చేంత సమయం ఇస్తూ. ఒకసారి అడిగాను, దానికి తెలుగులో చెప్పొచ్చు కదా అని. “దానికి రెండూ అర్థమైతయి. నాకే, నా భాష నా చెవుల పడక చానా రోజులైంది” అన్నాడు. నేను లోపలికి వచ్చేశాను. అతనెంత ఒంటరివాడో అంతవరకు నాకు తట్టలేదు. పగలంతా అంతమంది మధ్య తిరిగేవాడు కదా.

ఒకరోజు కోదాడనుంచి తిరిగి వస్తూ బస్సులో అడిగాడు.

“అన్నా, చాయ్ హోటల్ల ఇద్దరు కలిసిన్రు. అంతకుముందు ఒకరికొకరు తెల్వదు. ఒకాయన ఊరు చెప్పిండు, ఇంకొకాయన ఇంటిపేరు చెప్పిండు. వెంటనే, ‘అయితే మనోళ్ళే!’ అని చెయ్యి కలుపుకున్నరు. ఎట్ల?”

ఎట్లాగో నాకు తెలుసు. ఈ ప్రాంతంలో పుట్టిన ఎవరికైనా తెలుసు. ఇంటిపేరు చెప్పగానే కులం తెలుస్తుంది. కులం కలిస్తే ‘మనోళ్ళు’.

“అంటే... దగ్గరోళ్ళు” అన్నాను.

“దగ్గరంటే? ఎంత దూరం?”

కండక్టరు అటు తిరిగి ఉన్నాడు. నేను కిటికీలోంచి పొలాల వైపు చూశాను. అతను ఇంక అడగలేదు. “దూరం” అని పెదవులు మాత్రం కదిలాయి.

ఆ ప్రశ్నే దానియేలు సార్‌ను కూడా అడిగాడట. దానియేలు సారు మా వెనక వీధిలో ఉండేవారు. సర్కారు బళ్ళో లెక్కల టీచరు. మా ఇంటి డాబా మీద నిలబడితే వాళ్ళ ఇంటి మెట్లు కనబడతాయి. మేం ఇల్లు కట్టుకోకముందునుంచీ ఆయన అక్కడే ఉన్నారు. మాకూ వాళ్ళకూ మంచి సంబంధాలే అనుకునేవాణ్ణి. ఆయన మా ఇంటికి వస్తే వరండా దాకా. నేను వాళ్ళింటికి పోతే గేటు దాకా. దసరాకు మేము గారెలు పంపేవాళ్ళం, క్రిస్మస్‌కు వాళ్ళు కేకు పంపేవారు. ఆ కేకు మా ఇంట్లో ఎవరు తింటున్నారో నేనెప్పుడూ చూడలేదు.

అతను మాత్రం ఆ గేటు దాటాడు. చీకటిపడేవేళకు వాళ్ళ మెట్ల మీదే ఉండేవాడు. దానియేలు సారు అతని నాలుక తిప్పించేవారు: “కల్లు, కళ్ళు, కాళ్ళు. మళ్ళ చెప్పు. కల్లు తాగితె కాళ్ళు తడబడ్తయి. చెప్పు!” లోపల్నుంచి సారు భార్య, “గా పిల్లగానికి మంచి మాటలు నేర్పరాదయ్యా!” అనేది. ఈ మాటలన్నీ మా డాబా మీదికి వినిపించేవి. అతని తెలుగు బాగుపడ్డది నా పాఠాల వల్ల కాదు, ఆ మెట్ల మీద.

‘మనోళ్ళు’ అన్న మాటకు దానియేలు సారు ఇచ్చిన అర్థం అతనే నాకు చెప్పాడు. “ఆ మాట మీ అన్ననే అడుగు, ఆయన తెలుగు సారు గద” అన్నారట. అతను ఆ జవాబును మామూలుగానే చెప్పాడు. నేనూ మామూలుగానే విన్నట్టు ఉన్నాను.

తిరిగి వెళ్ళే రోజులు దగ్గరపడ్డాయి. ఒకరోజు అతను మల్లయ్య దుకాణానికి వెళ్ళి, చేతులు కట్టుకుని నిలబడి, “ఖలాస్” అన్నాడు. ఇక పనికిరాని ట్యూబును చూసి మల్లయ్య అనే మాట అది. మల్లయ్యకు అర్థం కాలేదు. “ఈ మాట నువ్వే ఇచ్చినవ్ నాకు. పోయేముందు ఒకసారి నీకు వినిపియ్యాలె గద.” మల్లయ్య చేతులు తుడుచుకుని, చాయ్ తెప్పించాడు. ఆ తర్వాత తెలిసింది, అతను ఊరంతా ఇట్లాగే తిరుగుతున్నాడని. ఏ మాట ఎవరి దగ్గర దొరికిందో అన్నీ గుర్తే. కూరగాయలమ్మే ఆమె దగ్గరికి పోయి ‘కొసరు’ అన్నాడు. ఆమె రెండు మిరపకాయలు ఎక్కువ వేసి, కొంగుతో కళ్ళు తుడుచుకుందట. దర్జీకి ‘కాజా’ వినిపించాడు. మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి దాకా పోయి, అక్కడ పడవ నడిపే ముసలాయనకు ‘అద్దరి’ అని చెప్పి వచ్చాడు. అవతలి గట్టును అద్దరి అంటారని ఆయనే చెప్పాడట ఎప్పుడో. అమ్మకు మాత్రం మాట కాదు, ఒక వాక్యం అప్పజెప్పాడు: “ఖాళీ గిన్నె వాపసు ఇయ్యరాదు.” ఎవరైనా ఏదైనా పెట్టి పంపితే గిన్నెలో పిడికెడు చక్కెరైనా వేసి పంపాలని అమ్మ అతనికి నేర్పిన మర్యాద అది. “పెండ్లిపిల్ల లెక్క అప్పగింతలు వెట్టుకున్నవేంది కొడుకా!” అని అమ్మ నవ్వబోయి ఏడ్చింది.

నా వంతు ఎప్పుడొస్తుందా అని నేను ఎదురుచూశాను. నేనిచ్చిన మాట ఏదో నాకు తెలుసు. అతను ఇంక ఆ మాటంటే భయపడడం లేదు కూడా. “మన మల్లయ్య”, “మన బస్సు” అని ధారాళంగా అంటున్నాడు. వింటుంటే నాకు గర్వంగా ఉండేది.

అతనికి దావత్ ఇద్దామని అనుకున్నది నేనే. ఆదివారం, అనంతగిరి దగ్గర మా ఊళ్ళో, మా మామిడితోటలో. అన్నకు ఫోన్ చేస్తే సంబరపడ్డాడు, యాటను తానే చూస్తానన్నాడు. నేను డాబా మీదికి పోయి అతనికి చెప్పాను: “ఆదివారం మా ఊళ్ళె దావత్, నీకే. మనమందరం పోదాం.” అతని ముఖం వెలిగింది. “మనమందరం” అనుకున్నాడు పెదవుల కింద.

శనివారం పొద్దున అతను అమ్మతో అంటుంటే విన్నాను. “దానియేలు సారు కొత్త అంగీ కుట్టిచ్చుకున్నడు అమ్మా. వాళ్ళామె సుత వస్తది.” నా ‘మనమందరం’ను అతను వెనక వీధి దాకా మోసుకుపోయాడు.

నేను అన్నకు ఫోన్ చేశాను. దానియేలు సారు కూడా వస్తున్నారని చెప్పాను.

“అరేయ్, గా సారు మంచోడే. నేను కాదంటున్ననా? నా బిడ్డకు లెక్కలు జెప్పింది గూడ ఆయనే. కని ఊళ్ళె పెద్దమనుషులొస్తరు. పంక్తి కాడ ఎవడన్న లేసి పోయిండనుకో, ఇజ్జత్ ఎవలది పోతది? ఆయనదే పోతది. ఇగ నువ్వే సూస్కో.”

నువ్వే సూస్కో. మా ఇంట్లో ఏ పాడు పనైనా ఈ మాటతోనే ఒక చేతినుంచి ఇంకో చేతికి మారుతుంది.

సాయంత్రం డాబా ఎక్కాను. అతను పుస్తకాలు సుతిలి తాడుతో కడుతున్నాడు. నేను గోడకు ఆనుకుని, ఎక్కడెక్కడో తిప్పి, చివరికి అన్నాను.

“తమ్మీ, నేను మనమందరం అన్నది... అంటే, మా ఇంటోళ్ళం, నువ్వు.”

అతను తాడు వదిలేశాడు. “మీ ఇంటోళ్ళు. నేను.”

“ఆఁ.”

“అయితే మనంల నేనున్న.”

“ఉన్నవ్. ఎందుకు లేవు?”

“దానియేలు సారు లేడు.”

“అట్ల కాదు తమ్మీ. ఊళ్ళె ఒక పద్ధతుంటది. నీకు తెల్వది.”

“నేను వచ్చి ఏడాది సుత కాలే, మనంల ఉన్న.” గడ్డం ఎత్తి, మా వాళ్ళలాగే మూతి విరిచి వెనక వీధివైపు చూపించాడు. “సారు ఇల్లు ఈణ్నుంచి కనవడ్తది.”

నిజంగానే కనబడుతోంది. దండెం మీద తెల్ల అంగీ ఒకటి ఆరేసి ఉంది. ఇస్త్రీ చేయడానికి ముందు ఒకసారి ఉతికినట్టున్నారు.

నేను చేయవలసిన పనులు చాలా ఉన్నాయి ఆ క్షణంలో. అన్నకు ఎదురు చెప్పొచ్చు. దావత్‌ను మా డాబా మీదే పెట్టొచ్చు. కనీసం ఆ గేటు దాకా నడిచిపోయి, ముఖాముఖి నిజం చెప్పొచ్చు. నేను అక్కడే, అతని ముందే, ఫోన్ తీశాను.

“సార్, నమస్తే సార్. రేపటి దావత్ ఆగిపోయింది సార్. ఆఁ... యాట దొరకలేదు.”

“అయ్యో, దానికేముంది సార్, ఇంకోసారి పెట్టుకుందాం” అన్నారు దానియేలు సారు.

ఫోన్ జేబులో పెట్టుకుంటుంటే అతని పెదవులు కదిలాయి. “దొరకలేదు.”

తర్వాత అతను నాతో చాలా మర్యాదగా అన్నాడు: “అన్నా, నాకు జర కడుపు బాగలేదు. రేపు నేను రాను.” మాకు ఇష్టంలేని పిలుపును తప్పించుకోవడానికి మేము చెప్పే మాటే అది. అది కూడా మా దగ్గర నేర్చుకున్నదే.

ఆదివారం మేము వెళ్ళాం. మామిడితోటలో పొయ్యిలు వెలిగాయి. అందరూ అతని గురించే అడిగారు. “కడుపు బాగలేదంట” అన్నాను. “యాట పేరు ఇనంగనే కడుపు ఖరాబైందా?” అని ఎవరో నవ్వారు. “మన చేతి తిండంటే నామోషీలే” అని ఇంకెవరో అన్నారు. ఆ మాటన్నది ఎవరో ఇప్పుడు గుర్తులేదు. కాదనవలసినవాణ్ణి మాత్రం నేనే. విస్తరి ముందు కూర్చుని కూర కలుపుకున్నాను. కథ అక్కడ పుట్టింది. దానికి పేరు పెట్టింది వేరేవాళ్ళు కావచ్చు, పుట్టుకకు కారణం నేను.

అమ్మ అతని వాటా డబ్బాలో పెట్టించి తెచ్చింది. ఆ సాయంత్రమే పైకి పంపింది. మర్నాడు కడిగి తుడిచిన డబ్బా కిందికి వచ్చింది. మూత తీస్తే అడుగున పిడికెడు చక్కెర. “తిన్నడు” అంది అమ్మ. “సూడు, ఖాళీ గిన్నె పంపలే.” అతను మా ఇంటి తిండిని అసహ్యించుకోలేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అది నా దగ్గర ఇన్నేళ్ళుగా ఉంది.

మిగిలిన రోజుల్లో అతని అప్పగింతలు సాగుతూనే ఉన్నాయి. కండక్టరు దగ్గరికి పోయి ‘రైట్ రైట్’ అని వచ్చాడట. నా దగ్గరికి మాత్రం రాలేదు. పొద్దున్నే నమస్కారం పెట్టేవాడు, తిన్నవా అంటే తిన్న అనేవాడు. ఏం తిన్నాడో చెప్పడం మానేశాడు. నాతో మాట్లాడినంతసేపూ అతని నోట ‘మనం’ లేదు, ‘మేము’ లేదు. ‘నేను’, ‘మీరు’ అంతే. నన్ను అంతకుముందు ‘నువ్వు’ అనేవాడు. మెట్లమీద కుక్కతో మాట్లాడే మాటలు ఎక్కువయ్యాయి. నేను లోపల లైటు తీసేసి వినేవాణ్ణి. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

వెళ్ళే రోజు బస్టాండుకు నేనే తీసుకుపోయాను. హైదరాబాదు బస్సు వచ్చింది. సామాను పెట్టాక నేనే ముందు అన్నాను, “మళ్ళ కలుద్దాం” అని. అతని పెదవులు కదిలాయి. “కలుద్దాం.” అది జవాబో, పాత అలవాటో నాకు తెలియలేదు. తెలియనప్పుడు అడగాలి. అడగలేదు. బస్సు కదిలింది. అతను కిటికీ పక్కన కూర్చుని, పక్క సీటులో కొంచెం చోటు వదులుకున్నాడు.

తన దేశం చేరాక అమ్మకు ఒక్క ఫోన్ చేశాడు. “అమ్మా, చేరిన. తిన్న. ఉప్పు లేదు” అన్నాడట. నన్ను అడగలేదు. ఆ తర్వాత పైగదిలో ఎవరెవరో కిరాయికి వచ్చారు, పోయారు.

మొన్నటి పెళ్ళిలో, మా అన్న కొడుకు కథ ముగించి ఫోటోల కోసం స్టేజీ వైపు పోయాక, ఒకాయన పళ్ళెంతో వచ్చి నా పక్కన నిలబడ్డారు. దానియేలు సారు. రిటైరయ్యాక మిర్యాలగూడలోనే ఉంటున్నారు. ఇప్పుడు బఫే భోజనాలు. పంక్తులు లేవు, ఎవరు ఎవరి పక్కన నిలబడి తింటున్నారో చూసేవారు లేరు.

“బాగున్నరా సార్? పిల్లగాడు కథ మంచిగ చెప్తడు” అన్నారు.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. “సార్, ఆ ఆదివారం...”

“ఆ ఆదివారం ఆయన మా ఇంట్లనే తిన్నడు సార్. మా ఆమె పప్పుచారు కాసింది, ఎండుచేపలు ఏంచింది. దావత్ ఎట్ల ఆగిపోయింది బిడ్డా అని అడిగింది. ఆయన తల వంచుకొని, ‘మనకు యాట దొరకలేదమ్మా’ అన్నడు.”

“మనకు అన్నడా?”

“మనకు అనే అన్నడు. ఇన్నొద్దులు నేర్చి మళ్ళ తప్పు మాట్లాడిండేంది అనుకున్న నేను. యాట మీరు తేవాలె గద, మాకెందుకు దొరకాలె? మా ఆమె నవ్వింది గూడ.” సారు అన్నం కలుపుతూ ఆగారు. “ఆయనకు తెలుగుల అబద్ధమాడుడు ఒక్కటే రాలే సార్. ముఖం కందిపోయింది. అప్పుడే నాకు అనుమానమొచ్చింది.”

“మరి మీకు సంగతి...”

“అనంతగిరి ఎంత దూరం సార్? మా చెల్లెల్ని ఇచ్చింది మీ పక్క ఊళ్ళెనే. పొద్దుగూకకముందే ఫోన్ చేసింది, తోటల యాట కోసిన్రంట, నువ్వు రాలేదేందన్నా అని. ఆయన ఇంకా మా మెట్ల మీదనే కూసోని ఉన్నడు. నేను చెప్పలే. నాకు తెలుసని తెలిస్తె ఆయన మనసు ఖరాబైతది. పోయేటోడు, ఎందుకని...” పళ్ళెంవైపు చూసి, “పెరుగన్నం తిన్నరా సార్? మంచిగుంది” అని వెళ్ళిపోయారు.

బస్సులో సూర్యాపేట చేరేదాకా నాకు ఆ ఒక్క మాటే. నేనిచ్చిన మాటను అతను నాకు వినిపించలేదు. వినిపించవలసిన చోట వినిపించాడు. నా అబద్ధాన్ని మోయక తప్పనప్పుడు, దానికి ముందు ఆ మాట ఒకటి తగిలించాడు. దావత్‌కు పిలిచిన నన్నూ, పిలుపు అందుకొని వద్దనిపించుకున్న సారునూ, ఎక్కణ్ణుంచో వచ్చిన తననూ ఒకే మాటలో కూర్చోబెట్టి, లేని యాటను మా అందరికీ కలిపి పోగొట్టాడు.

సారు అటు పోగానే, హాల్లోనే అన్న కొడుకును పిలిచి నిజం చెబుదామని వెనక్కి తిరిగేసరికి వాడు స్టేజీ మీద నవ్వుతూ నిలబడి ఉన్నాడు. అక్కడ చెప్పలేకపోయాను. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఆ కథ చెప్పేవాళ్ళు ఇకమీదట ఇట్లా చెప్పండి.

ఆ ఆదివారం యాట దొరికింది. పిలిచిన మనిషిని రావద్దన్నది మేము. కోసింది మేము. తిన్నది మేము.